తప్పుకు వెల కట్టినవాళ్ళు

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మనవాళ్ళు ఏనాడో అన్నారు. ఊడిన నాలుకకు వెల ఎంతన్నది మాత్రం చెప్పలేదు. ఆ సంగతి కోర్టులకు వదిలేశారు కాబోలు.

ఈ మధ్య ఏ పేరంటంలో నలుగురం చేరినా ఆసుపత్రి బిల్లుల మాటే. ఆ మాటల్లో ఒక వాదం తరచు వినిపిస్తోంది. కోర్టులు డాక్టర్ల మీద కోట్లకు కోట్లు నష్టపరిహారం వేస్తున్నాయనీ, ఆ భయంతో వాళ్ళు ఇన్సూరెన్సులు కట్టి, అక్కర్లేని పరీక్షలన్నీ రాస్తున్నారనీ, ఆ ఖర్చంతా చివరికి మన బిల్లులోకే వస్తోందనీ. అంచేత పరిహారానికి ఒక గీత గీసి, అది దాటకూడదంటే వైద్యం చవకవుతుందట! వినడానికి బాగానే ఉంది. మరి గీత గీసినవాళ్ళకు బిల్లు తగ్గిందా? అది తెలుసుకుందామనే నేను పాత లెక్కలు తిరగేశాను.

మన కౌటిల్యుడు ఏనాడో గీత గీశాడు. ప్రాణాపాయమైన జబ్బని ముందుగా తెలియజేయకుండా వైద్యుడు చికిత్స మొదలుపెట్టి, రోగి చనిపోతే అతనికి తక్కువ తరగతి జరిమానా. చేతి తప్పు వల్ల చనిపోతే మధ్యమం. మధ్యమమంటే 200 నుంచి 500 పణాలు. పద్ధతి బాగుంది కదా అనుకుంటాం. కానీ అది జరిమానా, పరిహారం కాదు. పోయినవాడి పెళ్ళాం బిడ్డలు ఏమైపోవాలన్న ప్రశ్న ఆ లెక్కలో లేదు.

ఇక అమెరికా సంగతి. 1970ల మొదట్లో కాలిఫోర్నియాలో డాక్టర్ల ప్రీమియాలు ఒక్కసారిగా పెరిగిపోయాయి. దాంతో 1975లో చట్టం చేశారు. మందుల ఖర్చు, పోయిన జీతం ఎంతైనా ఇవ్వొచ్చు. నొప్పికీ, మనోవ్యథకూ, అవిటితనానికీ మాత్రం 2,50,000 డాలర్లు దాటకూడదు. ధరలన్నీ ఆకాశాన్నంటినా ఆ అంకె 47 ఏళ్ళపాటు కదల్లేదు. 2023 జనవరి నుంచి గాని దాన్ని 3,50,000కీ, మరణమైతే 5,00,000కీ పెంచలేదు. డాక్టర్ల ప్రీమియాలు అదుపులోకి వచ్చిన మాట నిజమే. అయితే ఆ పుణ్యం ఈ గీతదా, ఇన్సూరెన్సు ధరలను అదుపు చేస్తూ 1988లో ఓటర్లు తెచ్చిన చట్టానిదా అని ఇప్పటికీ వాదులాడుకుంటూనే ఉన్నారు.

2003లో టెక్సస్ కూడా అదే దారి పట్టింది. కేసులూ తగ్గాయి, చెల్లింపులూ తగ్గాయి. పెద్దవయసువాళ్ళ వైద్యానికి ప్రభుత్వం పెట్టే ఖర్చు మాత్రం దాని వల్ల తగ్గలేదని తరవాత పరిశోధకులు తేల్చారు. అమెరికా పార్లమెంటు బడ్జెట్ కార్యాలయం 2009లో మరో లెక్క వేసింది. దేశమంతటా ఇలాంటి గీతలు గీస్తే డాక్టర్ల ప్రీమియం నూటికి పది తగ్గుతుందట. దేశం మొత్తం వైద్య ఖర్చు తగ్గేది నూటికి అర్ధరూపాయి!

గద్వాల చీర కొన్నవాళ్ళకు ఈ లెక్క తేలిగ్గా తెలుస్తుంది. కొంగులో రెండు బుటాలు తగ్గించమంటే ధర ఎంత తగ్గుతుంది? పట్టు ఉంది, జరీ ఉంది, నేతగాళ్ళు మగ్గం మీద గడిపిన రోజులున్నాయి. ధరంతా వాటిలో ఉంటే బుటాలు తీసేసి లాభమేముంది?

ఆ గీతలో మరో కిటుకుంది. జీతానికి హద్దు లేదు, బాధకు హద్దుంది. అంటే జీతం తెచ్చేవాడికి పరిహారం బాగానే వస్తుంది. జీతం లేనివాళ్ళకు వచ్చేది బాధ కింద వచ్చే పరిహారమే ఎక్కువ. వాళ్ళెవరంటారా? పసిపిల్లలు, ముసలివాళ్ళు, ఇల్లాళ్ళు. గీత తగిలేది మనకేనండీ!

అది అమెరికా గొడవ, మనకెందుకని కొట్టిపారేయకండి. 1994లో మన మోటారు వాహనాల చట్టంలో ఒక పట్టిక చేర్చారు. ప్రమాదంలో పోయిన ఇల్లాలికి సంపాదన లేకపోతే, ఆమె ఆదాయాన్ని భర్త ఆదాయంలో మూడోవంతుగా లెక్కకట్టమంది. తెల్లారుజామున లేచి రాత్రి పదింటికి నడుం వాల్చే మనిషి విలువ మూడోవంతట! 2010లో ఒక కేసు వచ్చినప్పుడు సుప్రీంకోర్టే ఆ పద్ధతిని తప్పుబట్టింది.

వైద్యం కేసుల్లో మాత్రం మన దేశంలో గీత లేదు. 1986లో వినియోగదారుల చట్టం వచ్చింది. డబ్బు తీసుకుని చేసే వైద్యం కూడా దాని కిందికే వస్తుందని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అందరికీ ఉచితంగా చేసే ఆసుపత్రులు రావని కూడా అప్పుడే చెప్పింది. 1990లో హైదరాబాదు నిమ్స్‌లో ఆపరేషన్ తరవాత నడుము కింద చచ్చుబడిపోయిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, చక్రాల కుర్చీలో కూర్చుని సుప్రీంకోర్టులో తన కేసు తానే వాదించుకున్నాడు. 2009లో కోటి రూపాయలు ఇమ్మన్నారు. న్యాయం జరిగింది, కానీ పందొమ్మిదేళ్ళు పట్టింది. 2010లో మరో కేసు తేలింది. ఒకాయన భార్యకు మలేరియా వస్తే హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రి టైఫాయిడని వైద్యం చేసింది, ఆవిడ చనిపోయింది. భర్తేమో మలేరియా శాఖలోనే ఉద్యోగి! ఆయనకు దక్కింది రెండు లక్షలు. కోట్ల తీర్పులు పేపర్లో పడతాయి గానీ, ఇలాంటి రెండు లక్షలు ఎవరి కంటా పడవు.

గీత లేదన్నాను గానీ, ఒక్కచోట ఉంది. అదీ ఎక్కువగా ఆడవాళ్ళ విషయంలోనే. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు వికటిస్తే ఇన్సూరెన్సు ఉండాలని 2005 మార్చిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఏడాదే కేంద్రం పథకం పెట్టింది. ఒక దశలో పట్టిక ఇలా ఉండేది: వారంలోపు చనిపోతే రెండు లక్షలు, నెలలోపైతే యాభై వేలు, ఆపరేషన్ ఫెయిలైతే ముప్పై వేలు. కోర్టుల చుట్టూ తిరగకుండా డబ్బు చేతికొస్తుంది. పందొమ్మిదేళ్ళు ఆగలేని పేదింటికి అది చిన్న మేలేం కాదు. కానీ తప్పెవరిదో ఆ పట్టిక అడగదు. 2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజు క్యాంపులో 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు పోయారు. ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి అయిదు లక్షలు ప్రకటించింది. పట్టికలో ఎంత రాసుకున్నా, తల్లిలేని పిల్లల్ని పెంచే ఖర్చు అమ్మమ్మల మీదా, నాయనమ్మల మీదా పడింది.

మరి మన వైద్య ఖర్చు ఎక్కడుంది? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు చరిత్రే జవాబు చెబుతుంది. 2016దాకా ఈ మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోవే. 2007 ఏప్రిల్ ఒకటిన ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో ఆ జిల్లా ఒకటి. అనంతపురం, శ్రీకాకుళం మిగతా రెండు. ప్రీమియం ప్రభుత్వం కట్టింది, ఏ ఆపరేషన్‌కు ఎంతో ముందే ధర కట్టారు. ఆపరేషన్ ధరను అదుపు చేసింది ఆ ధరల పట్టికే గాని, కోర్టు పరిహారాలకు గీసిన గీత కాదు. ఇక పెద్ద జబ్బు చేస్తే గద్వాలవాళ్ళు కర్నూలుకో హైదరాబాదుకో బయల్దేరాలి. బస్సు చార్జీలు, వెంట వచ్చినవాళ్ళ తిండి, పోయిన కూలి ఇన్సూరెన్సు పూర్తిగా ఇవ్వదు. వనపర్తికీ, నాగర్‌కర్నూలుకూ 2022లో, గద్వాలకు 2024లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. వాటిలో డాక్టర్లు నిలబడి పనిచేస్తే ఈ ఖర్చు తగ్గుతుంది.

నాకు తోచింది చెబుతాను. పట్టిక ఉండవలసిందే, కనీసం ఇంత, వెంటనే ఇవ్వాలి అనడానికి. ఇంతకు మించి ఇవ్వొద్దనడానికి మాత్రం కాదు. మొదటిది ఆపదలో ఉన్నవాళ్ళ చేయి పట్టుకుంటుంది, రెండోది వాళ్ళ నోరు కట్టేస్తుంది.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేటప్పుడు పండ్లబుట్టా ఫ్లాస్కూ మరిచిపోయినా ఫరవాలేదు గానీ కాగితాలు మరవకండి. రోగి కేసు కాగితాలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్లకు 2002 నుంచీ నియమం ఉంది. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్ళు. పరిహారానికి గీత ఉన్నా లేకపోయినా, కాగితం లేని కన్నీళ్ళకు కోర్టు వెల కట్టలేదు.