హొరేస్ పొలం

తృప్తిని గురించి వ్రాసిన రోమన్లకు కొదవలేదు. సెనెకా వ్రాశాడు, కానీ ఆయన అపార ధనవంతుడు, నీరోకు గురువు. మార్కస్ ఆరీలియస్ స్వయంగా చక్రవర్తి. వారి మాటలు ఎంత గొప్పవైనా, చదువుతుంటే "మీకేమండీ, ఎన్నయినా చెబుతారు" అనిపించక మానదు. కవి హొరేస్ దగ్గర మాత్రం నాకా ఇబ్బంది కొంత తక్కువ.

ఆయన క్రీ.పూ. 65లో దక్షిణ ఇటలీలోని వెనూసియాలో పుట్టాడు. తండ్రి ఒకప్పుడు బానిస. విముక్తి పొంది, వేలంపాటల సొమ్ము వసూలుచేసే పనిలో నాలుగు డబ్బులు కూడబెట్టి, కొడుకును రోముకు తీసుకువెళ్ళి పెద్దింటి పిల్లలతో సమానంగా చదివించాడు. ఆ తండ్రి కొడుకునని చెప్పుకోవడానికి హొరేస్ సిగ్గుపడలేదు. క్రీ.పూ. 42లో ఫిలిప్పీ యుద్ధంలో బ్రూటస్ పక్షాన పోరాడి ఓడిపోయాడు. ప్రాణం దక్కింది గానీ తండ్రి ఆస్తి పోయింది. ఖజానాలో గుమాస్తాగా చేరాడు. తరువాత మెసీనస్ ఆశ్రయం, దానితో సబైన్ కొండల్లో ఒక పొలం. ఇంటి దగ్గర ఊట, పైన కాస్త అడవి. కోరినదానికంటె ఎక్కువే దక్కిందని ఆయనే ఒప్పుకున్నాడు.

ఇచ్చినవాడికి కట్టుబడి ఉండవద్దా? అయిదు రోజుల్లో వస్తానని పల్లెకు వెళ్ళిన హొరేస్ నెల దాటినా రాలేదు. మెసీనస్ నొచ్చుకుంటే పద్యరూపంలో ఒక లేఖ వ్రాశాడు. అందులో ఒక కథ: బక్కచిక్కిన నక్క సన్నని సందులోంచి ధాన్యపు గాదెలో దూరి, కడుపునిండా తిని, బయటికి రాలేకపోయింది. చిక్కి వచ్చావు, చిక్కితేనే పోగలవు అన్నది ముంగిసను పోలిన జంతువొకటి. ఆ కథ నాకే వర్తిస్తుందంటే అంతా తిరిగి ఇచ్చేస్తాను, అని హొరేస్ జవాబు. అది ఉత్త మాట కాదేమో అని నా నమ్మకం. తన ఉత్తరాలు వ్రాసిపెట్టడానికి రమ్మని సాక్షాత్తు అగస్టస్ పిలిచినా ఆయన వెళ్ళలేదని సూటోనియస్ వ్రాశాడు.

అయితే ఆ పొలాన్ని దున్నింది హొరేస్ కాదు, ఎనిమిదిమంది బానిసలు. ఈ సంగతి మనకు తెలిసింది కూడా ఆయన వల్లనే. డిసెంబరులో వచ్చే సాటర్నేలియా పండుగనాడు బానిసలు యజమానితో మనసులోమాట చెప్పవచ్చు. డావస్ అనేవాడు ఆ చనువుతో నిలదీస్తాడు: రోములో ఉంటే పల్లె కావాలంటావు, పల్లెలో ఉంటే రోమును పొగుడుతావు, ఒక్క గంట నీతో నువ్వు ఉండలేవు, నాకంటె నువ్వేపాటి స్వతంత్రుడివి? కవిగారికి జవాబు దొరకలేదు. వెంటనే ఇక్కడినుంచి పోకపోతే పొలానికి తొమ్మిదో కూలీగా పంపిస్తానని బెదిరించాడు.

ఆ బెదిరింపుతోనే ఆ కవితను ముగించాడు.