బొమ్మ వెనక వెలుగు

అరోరాలో మా ఇంటి హాలు గోడమీద పదేళ్ళుగా ఒక తోలుబొమ్మ హనుమంతుడు వేలాడుతున్నాడు. పుట్టింది అనంతపురం వైపు నిమ్మలకుంటలో. బాలాజీ గుడి చూసుకుని మా ఇంటికొచ్చే బంధువులు "బావుందండీ" అంటారు, మేము కాఫీ ఇస్తాం. అంతే, ఆయన డ్యూటీ అయిపోయినట్టే.

పోయిన చలికాలం మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టుకి చిన్న యానిమేషన్ సినిమా తీస్తానంది. "నేను ప్రోగ్రాం రాసిపెడతాలే" అన్నాను. "చేత్తోనే చెయ్యాలి నాన్నా, అదే రూలు" అంది. చేత్తో చేసిన సినిమాల కోసం వెతుకుతుంటే లోటె రైనిగర్ కథ దొరికింది.

ఈ జర్మన్ మహిళ తన మొదటి చిన్న సినిమా తీసింది 1919లో. నల్ల అట్ట, పల్చటి సీసపు రేకు కత్తిరించి బొమ్మలు చేసి, కీళ్ళ దగ్గర తీగతో కట్టేది. అద్దపు బల్లమీద బొమ్మని పడుకోబెట్టి, కింద దీపం, పైన కెమెరా. కాస్త కదిపి ఒక ఫోటో, మళ్ళీ కదిపి మరొకటి. ఈ పద్ధతిలోనే మూడేళ్ళు కష్టపడి 1926లో 'ప్రిన్స్ అహ్మద్ సాహసాలు' అనే పెద్ద సినిమా తీసింది. డిస్నీవారి స్నోవైట్ వచ్చింది 1937లో! కెనడాలో నార్మన్ మెక్‌లారెన్, ఎవెలిన్ లాంబర్ట్ మరో అడుగు ముందుకేసి, కెమెరా లేకుండా ఫిల్ముమీదే రంగులు పూసి 1949లో 'బిగాన్ డల్ కేర్' తీశారు.

ఇదంతా చదివాక గోడవైపు చూశాను. మెడ, భుజం, మోచెయ్యి... కీళ్ళన్నీ మన హనుమంతుడికీ ఉన్నాయి. బొమ్మలాట ప్రస్తావన పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలోనే కనిపిస్తుంది. రైనిగర్ బొమ్మలు నల్లటి నీడలు; మనవాళ్ళు తోలుని వెలుగు దూరేంత పల్చగా గీకి, రంగులద్ది, నగలున్నచోట ఉలితో చిల్లులు పెట్టారు. తెరమీద ఆ నగలు దీపపు వెలుగుతోనే మెరుస్తాయి. ఆమె ఫోటో ఫోటోకీ ఆగింది. మన ఆట తెల్లవార్లూ ఆగేది కాదు. జనం నవ్వితే కేతిగాడూ బంగారక్కా ఇంకాస్త సాగదీసేవారు.

మా కాఫీ టేబుల్ గాజుదే. కింద లైటు పెట్టి, హనుమంతుణ్ణి పడుకోబెట్టాం. పదేళ్ళలో మొదటిసారి ఆయన ఎర్రగా, పచ్చగా వెలిగాడు. "నాన్నా, ఈయన్ని ఇన్నాళ్ళూ ఆఫ్ చేసి ఉంచామా?" అంది అమ్మాయి.

ఆ మాట గుచ్చుకుంది. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అయినా అక్కడి కుటుంబాలకి కూడు పెట్టేది ఎక్కువగా లాంప్‌షేడ్లూ, గోడ అలంకారాలే. కొనేది నాలాంటివాళ్ళే. మన డబ్బు చేతిపనిని బతికించింది. ఆటని మాత్రం గోడకి కొట్టేసింది.

సెకనుకి 12 చొప్పున 720 ఫోటోలు తీస్తే వచ్చింది ఒక్క నిమిషం సినిమా. మధ్యలో మోచేతి దారం తెగింది. నేను వేసిన ముడి బిగుసుకుపోయి చెయ్యి వంగలేదు. పాతికేళ్ళ ఇంజనీరింగు ఆ ముడి దగ్గర తేలిపోయింది. విప్పి మళ్ళీ కట్టాను. హనుమంతుడు సముద్రం దాటలేదు, చెయ్యెత్తాడంతే.

గోడమీద మేకు ఇప్పుడు ఖాళీగా ఉంది. బంధువులొస్తే ముందు లైటు వేస్తున్నాం, కాఫీ తరవాత.