ఆర్‌కాన్ పుట్టుపూర్వోత్తరాలు

అమీర్‌పేట నెట్ కేఫ్‌లో కౌంటర్-స్ట్రైక్ సర్వర్ నేనే చూసుకునేవాణ్ని. మ్యాప్ మార్చడానికి కుర్చీలోంచి లేవక్కర్లేదు. ఆట మధ్యలో కన్సోల్ తెరిచి, ఆర్‌కాన్ (రిమోట్ కన్సోల్) పాస్‌వర్డ్ ఇచ్చి, ‘ఆర్‌కాన్ చేంజ్‌లెవెల్ డీఈ_డస్ట్2’ అని కొడితే చాలు, ఓడిపోతున్న జట్టు ఒక్కటే కేరింతలు!

ఆ సదుపాయం మాకు క్వేక్ పెట్టిన భిక్ష. ఐడీ సాఫ్ట్‌వేర్ 1996లో క్వేక్ విడుదల చేసింది. ఇంటర్నెట్‌లో ఆడేవాళ్ల కోసం ఆ సంస్థ ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ ఆ ఏడాది చివర్లోనే క్వేక్‌వరల్డ్ తెచ్చాడు. దాని సర్వర్‌కి ఆజ్ఞ పంపే తీరు చూస్తే నాకిప్పటికీ నవ్వొస్తుంది. ఒకే ఒక్క యూడీపీ ప్యాకెట్. ముందు 255 విలువగల నాలుగు బైట్లు, తర్వాత ‘ఆర్‌కాన్’ అనే మాట, పాస్‌వర్డ్, ఆజ్ఞ. పాస్‌వర్డ్‌కి ఏ ముసుగూ లేదు, దారిలో కాపు కాసినవాడెవడైనా చదువుకోవచ్చు. నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్ దొంగల బెడద పడలేకే ఫిన్లండ్‌లో తాతు యులోనెన్ 1995లో అంతా ఎన్‌క్రిప్ట్ చేసి పంపే ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. ఆటలవాళ్లు దాన్ని పట్టించుకోలేదు.

వాల్వ్ 1998లో, మా కౌంటర్-స్ట్రైక్‌కి మూలమైన హాఫ్-లైఫ్‌ని క్వేక్ ఇంజిన్ మీదే కట్టింది కాబట్టి ఆర్‌కాన్ కూడా వెంట వచ్చింది. ఆజ్ఞకు ముందు సర్వర్ దగ్గర ఒక ఛాలెంజ్ అంకె తెచ్చుకోవాలన్న నియమం చేరింది. అది పంపినవాడి చిరునామా దొంగదా కాదా అని తేల్చడానికే తప్ప పాస్‌వర్డ్‌ని దాచడానికి కాదు. వాల్వ్ తర్వాతి ఇంజిన్ సోర్స్ నాటికి టీసీపీ వచ్చింది, ఎన్‌క్రిప్షన్ రాలేదు. మైన్‌క్రాఫ్ట్ అదే పద్ధతి తీసుకుని 25575 పోర్టులో పెట్టుకుంది.

అందుకే ఆరితేరిన అడ్మిన్లు ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికెళ్లి, సర్వర్‌ని స్క్రీన్ అనే ప్రోగ్రామ్‌లోనో టీమక్స్‌లోనో నడుపుతారు. లైన్ తెగినా ఆట ఆగదు. మళ్లీ లాగిన్ అయి ‘స్క్రీన్ -ఆర్’ కొడితే అదే కన్సోల్.