ప్రోటీన్ స్ఫటికాల శీతల రవాణా

ప్రోటీన్ స్ఫటికాల శీతల రవాణా అనగా దూరప్రాంతంలోని సింక్రోట్రాన్ కేంద్రంలో ఎక్స్-కిరణ వివర్తన ప్రయోగం కొరకు స్ఫటికాలను అతిశీతల స్థితిలో పంపే విధానం. పరిశోధకులు అక్కడికి వెళ్ళకుండా, అంతర్జాలం ద్వారా ప్రయోగాన్ని నడుపుతారు.

తయారీ

స్ఫటికాన్ని సన్నని నైలాన్ ఉచ్చుతో ఎత్తి, గ్లిసరాల్ వంటి రక్షక పదార్థం గల ద్రావణంలో ముంచి, సుమారు -196° సెల్సియస్ ఉష్ణోగ్రత గల ద్రవ నత్రజనిలో హఠాత్తుగా చల్లబరుస్తారు. రక్షక పదార్థం లేనిచో నీరు మంచు పలుకులుగా మారి స్ఫటికాన్ని పాడుచేయవచ్చు. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ సింక్రోట్రాన్ కేంద్రపు క్యాసెట్‌లో 96 నమూనాలు పడతాయి. వాటిని రోబో ఒక్కొక్కటిగా కిరణపుంజం ముందు ఉంచుతుంది. కావున ఏ గడిలో ఏ నమూనా ఉన్నదో పట్టికలో తప్పు లేకుండా నమోదు చేయాలి.

రవాణా

రవాణా పాత్ర లోపలి పీల్చుడు పదార్థం ద్రవ నత్రజనిని ఇముడ్చుకొంటుంది. మిగిలిన ద్రవాన్ని పారబోస్తారు. ఒలికే ద్రవం ఉండదు కనుక విమానంలో పంపవచ్చు. పాత్రను పక్కకు పడుకోబెడితే నత్రజని త్వరగా తరిగిపోతుంది. స్ఫటికాలు వేడెక్కితే నెలల శ్రమ వృథా అవుతుంది.