తొలి ఉద్యోగానికి తొలి మెట్టు - ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ కార్డు

మన సభ్యులలో అనేకమందికి సర్వీసు రిజిస్టరు కన్నా ముందు చేతికి వచ్చిన కాగితం ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ కార్డు. "మీ రోజుల్లో డిగ్రీ ఉంటే చాలు, పిలిచి ఉద్యోగం ఇచ్చేవారట కదా!" అని మనవలు అంటూ ఉంటారు. వారి కోసమైనా ఈ కార్డు చరిత్రను కొంత చెప్పుకోవడం అవసరం.

ఈ ఎక్స్ఛేంజీలు మొదట చదువుకున్న నిరుద్యోగుల కోసం పుట్టలేదు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసే వేళ, సైన్యం నుంచి తిరిగివచ్చే వారికి పని చూపడానికి 1945లో కేంద్ర ప్రభుత్వం ఈ ఏర్పాటు చేసింది. దేశ విభజన తరువాత శరణార్థులకూ ఇవి తోడ్పడ్డాయి. 1948 నుంచి అందరికీ తలుపులు తెరిచారు. 1956 నవంబరు 1న, అంటే ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజునే, వీటి నిర్వహణ రాష్ట్రాలకు వచ్చింది. 1959లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం ప్రభుత్వ రంగ సంస్థలు, 25 మందికి తక్కువ కాకుండా పనిచేసే ప్రైవేటు సంస్థలు తమ ఖాళీలను ఎక్స్ఛేంజీకి తెలియజేయవలసి ఉండేది. అయితే ఎక్స్ఛేంజీ పంపినవారినే తీసుకోవాలని ఆ చట్టం ఎక్కడా నిర్బంధించలేదు.

నేను 1970లో బి.కాం. పూర్తిచేసి కృష్ణా జిల్లాలో పేరు నమోదు చేయించుకున్నాను. మా నాన్నగారు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు. సిఫార్సు చేయగల పెద్దలెవరూ మాకు తెలియదు. టైపు లోయరు, ఆపై హయ్యరు పాసై, ఆ అర్హతలు కార్డులో ఎక్కించుకున్నాను. గడువు దాటకుండా రెన్యువల్ చేయించుకోవడం ఒక వ్రతంలా ఉండేది. గడువు దాటితే సీనియారిటీ పోతుందని భయం. 1974లో మూడవ ఇంటర్వ్యూలో ఎల్.డి.సి.గా ఎంపికయ్యాను. అదీ 10(ఎ)(1) కింద తాత్కాలిక నియామకమే. తరువాత సర్వీస్ కమిషన్ పరీక్ష పాసై రెగ్యులర్ అయ్యాను. అండ లేని ఇంటి బిడ్డకు ఆ వరుసక్రమమే అండగా నిలిచిందన్న మాట నేను ఎప్పుడూ మరువను.

కాని నాణేనికి రెండవ వైపూ ఉంది. నాతోపాటు అదే వారంలో నమోదైన మిత్రునికి మార్కులు నాకన్నా ఎక్కువ. అతనికి ఒక్క ఇంటర్వ్యూ ఉత్తరం కూడా రాలేదు. పేరు పంపారో లేదో, పంపకపోతే ఎందుకు పంపలేదో తెలుసుకునే దారి లేదు. వయోపరిమితి దాటాక ఒక వస్త్రదుకాణంలో గుమాస్తాగా చేరి, అక్కడే పద్దులు రాస్తూ జీవితం గడిపాడు. ఖాళీ ఉన్నదన్న సంగతే అభ్యర్థికి తెలియకపోతే, అర్హత ఉండి ఏమి లాభం?

ఈ ప్రశ్న చివరకు సుప్రీంకోర్టుకు చేరింది. ఎక్స్ఛేంజీ ద్వారానే పేర్లు పిలవాలన్న ప్రభుత్వ సూచనలు రాజ్యాంగ విరుద్ధం కావని 1987లో హరగోపాల్ కేసులో కోర్టు చెప్పింది. 1996లో మరో తీర్పు వచ్చింది. అది మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ కార్యాలయ నియామకాలకు సంబంధించిన కేసు కావడం విశేషం. ఎక్స్ఛేంజీ నుంచి పేర్లు పిలవడంతోపాటు పత్రికలలో ప్రకటన ఇవ్వాలని, నోటీసు బోర్డుపై పెట్టాలని, రేడియో, టెలివిజన్‌లలో తెలపాలని, దరఖాస్తు చేసిన అర్హులందరినీ పరిశీలించాలని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. చట్టం వచ్చిన 37 ఏళ్లకు గాని ఆ తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. నా మిత్రునికి అది ఎంతో ఆలస్యం.

2015లో కేంద్రం నేషనల్ కెరీర్ సర్వీస్ ప్రారంభించాక నమోదు కంప్యూటర్‌లోకి మారింది. మనవలు నేడు ఇంట్లో కూర్చునే ఖాళీల వివరాలు చూడగలుగుతున్నారు. పోటీ మాత్రం తగ్గలేదు. వారి కష్టం వారిదే. దానిని మనం చిన్నచూపు చూడరాదు. అయితే ప్రతి ఖాళీ బహిరంగంగా ప్రకటించాలన్నది ఊరికే వచ్చిన సౌకర్యం కాదని, పేరు పిలవక మిగిలిపోయినవారు కోర్టు మెట్లెక్కి సాధించిన హక్కు అని వారికి చెప్పండి. మీ పెట్టెలో ఆ పాత కార్డు ఇంకా ఉంటే పారవేయక, ఒకసారి వారి చేతిలో పెట్టండి.