పక్కనున్న కాటా రాయి సరిగ్గా ఉందా?

ఒక్క చుక్క రక్తంతో అన్ని క్యాన్సర్లూ ముందే తెలిసిపోతాయని మన గ్రూపులో ఒక సందేశం తిరుగుతోంది. డబ్బు కట్టి చేయించుకోమంటారా అని ఇద్దరు అక్కయ్యలు నన్నడిగారు. నేను డాక్టరును కాను, రైల్వేలో గుమాస్తాగా రిటైరయినవాణ్ణి. అయినా దీని వెనుక మన మద్రాసు తెలుగువాళ్లు తెలుసుకోవాల్సిన కథ ఒకటుంది. నేను చదివింది తమిళ మీడియం, రాతలో తప్పులుంటే దిద్దుకోండి.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మన ట్రిప్లికేన్ హిందూ హైస్కూల్లో చదివారు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ, మద్రాసు మెడికల్ కాలేజీ. ఆపైన అమెరికాలో, హార్వర్డులో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేశారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించారు.

అందులో నమూనాకు కొన్ని రసాయనాలు కలిపితే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎక్కువుంటే నీలం ముదురుతుంది. ఎంత ముదిరిందో వట్టి కంటికి తెలియదు కదా! అందుకే ఫాస్ఫరస్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాన్ని పక్కన పెట్టి రంగులు పోలుస్తారు. ఆ పక్కది తప్పయితే లెక్కంతా తప్పే.

ఈ సంగతి నాకు పార్సిల్ ఆఫీసులో బోధపడింది. ఒకచోట కాటా రాయి అరిగిపోయింది. ఎవరూ గమనించలేదు. ప్రతి మూటా ఎక్కువ తూగింది, రసీదుల్లో అంకెలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి.

ఇప్పటి క్యాన్సర్ రక్తపరీక్షల పరిశోధనలోనూ ఇదే చిక్కు. రక్తంలో ఒక జన్యువు తాలూకు ఆర్ఎన్ఏ ఎంతుందో కొలుస్తారు. ఒకరి నమూనాలో మొత్తం ఆర్ఎన్ఏ ఎక్కువ, ఇంకొకరి దాంట్లో తక్కువ రావచ్చు. కాబట్టి అందరిలోనూ ఒకేలా ఉంటుందని నమ్మిన ఇంకో జన్యువుతో పోలుస్తారు. దాన్నే రెఫరెన్స్ జీన్ అంటారు, అదే వాళ్ల కాటా రాయి.

చాలాకాలం జీఏపీడీహెచ్ అనే జన్యువును అలా వాడారు. అది చక్కెరను కరిగించే పనిలోది. చాలా క్యాన్సర్ కణాలు చక్కెరను విపరీతంగా వాడుకుంటాయి, దాంతో ఆ రాయే బరువు మారిపోతుంది. రక్తంలో ఉండే మైక్రో ఆర్ఎన్ఏ 16నూ అలాగే నమ్మారు. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలితే అది పెరుగుతుంది.

2002లో బెల్జియంలోని గెంట్ పరిశోధకులు దీనికొక దారి చూపారు. ఒక్క జన్యువును నమ్మకండి, చాలావాటిని పరీక్షించి, నిలకడగా ఉన్న కొన్నింటి సగటు తీసుకోండి అన్నారు. రెఫరెన్స్ జీన్ నిలకడకు రుజువు చూపాలని 2009లో శాస్త్రవేత్తలు మార్గదర్శకాలే రాశారు.

రాయి తప్పయితే ఇక్కడ పోయేది రూపాయి కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు హడలిపోతారు, జబ్బున్నవాళ్లు నిశ్చింతగా ఇంట్లో కూర్చుంటారు.

అక్కయ్యలూ, అలాంటి పరీక్ష ఎవరైనా అమ్మజూపితే, "దేనితో పోల్చి చెబుతున్నారు? ఎవరి రక్తంలో సరిచూశారు?" అని అడగండి. దాన్ని నమ్ముకుని నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు మానుకోకండి. 1954లో ముత్తులక్ష్మీ రెడ్డి గారు మొదలుపెట్టిన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మన అడయారులోనే ఉంది.