లాజరు పునర్జీవనం

లాజరు బైబిలు కొత్త నిబంధనలో, యోహాను సువార్త 11వ అధ్యాయంలో కనిపించే వ్యక్తి. యెరూషలేముకు సుమారు 3 కిలోమీటర్ల దూరంలోని బేతనియ ఇతని గ్రామం. మార్త, మరియ ఇతని సోదరీమణులు. మరణించిన ఇతనిని యేసు తిరిగి బ్రతికించాడని క్రైస్తవుల విశ్వాసం. లూకా సువార్తలోని ఉపమానంలో వచ్చే బిచ్చగాడు లాజరు వేరు.

లాజరు జబ్బుపడ్డాడని కబురు అందినా యేసు ఉన్నచోటనే మరి రెండు రోజులు ఆగాడు. బేతనియకు చేరేసరికి లాజరును సమాధి చేసి నాలుగు రోజులైంది. అంత్యదినాన తన సోదరుడు లేస్తాడని మార్త నమ్మకం. ఆనాటి యూదులలో పరిసయ్యులు పునరుత్థానాన్ని నమ్మేవారు, సద్దూకయ్యులు నమ్మేవారు కారు. యేసు మాత్రం పునరుత్థానం ఎప్పుడో జరిగే సంఘటన కాదనీ, అది తానేననీ బదులిచ్చాడు. బ్రతికించబోతున్నవాడే సమాధి వద్ద కన్నీరు కార్చడం ఈ కథనంలో విశేషం. ఆయన దైవత్వానికీ, మానవత్వానికీ కూడా ఇది నిదర్శనమని వ్యాఖ్యాతలు చెబుతారు.

అయితే లాజరు పొందినది మామూలు మానవ జీవితమే. అతడు మళ్ళీ మరణించవలసినవాడు. ప్రధాన యాజకులు అతనిని కూడా చంపదలచారని 12వ అధ్యాయం చెబుతుంది. క్రీస్తు పునరుత్థానం మరణం లేని జీవితానికి సంబంధించినదని క్రైస్తవ వేదాంతం. లాజరు ప్రేతవస్త్రాలతోనే బయటికి వచ్చాడు. క్రీస్తు సమాధిలో వస్త్రాలు మాత్రమే మిగిలాయి. ఆ నాలుగు రోజుల అనుభవం గురించి లాజరు ఒక్క మాటైనా పలికినట్లు సువార్తలో లేదు.

మిగిలిన మూడు సువార్తలలో ఈ ఉదంతం లేనందున దీని చారిత్రకతపై పండితులలో భేదాభిప్రాయాలున్నాయి. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు మట్టల ఆదివారానికి ముందురోజును లాజరు శనివారంగా పాటిస్తాయి. బేతనియగా భావించే ఊరిని అరబ్బీలో అల్-ఐజరియా అంటారు. ఈ పేరు లాజరు నుండి వచ్చినదే.